మొహమాటం ఇంట్లో పెట్టి బయలుదేరండి

పందొమ్మిదేళ్లు టూర్ మేనేజర్‌గా జనాన్ని వెంటబెట్టుకుని దేశదేశాలు తిప్పాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొదటిసారి పెద్ద నగరాలకు వెళ్తున్నవాళ్లవే. "అక్కడ మాకేమైనా అయితే?" అన్న బెంగ అన్నిటిలోనూ ఉంది. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేనూ మా ఆయనా అరవై దాటినవాళ్లం. మొదటిసారి పారిస్, రోమ్ వెళ్తున్నాం. అక్కడ జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు గుండెలకు కరుచుకుని తిరగాలి అని అందరూ భయపెడుతున్నారు. ఈ టెన్షన్‌తో వెళ్లడం కంటే మానేస్తే మేలనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: దయచేసి మానుకోకండి. ఇన్నేళ్లకు కుదిరిన ప్రయాణం. దొంగలున్నారన్న మాట నిజమే. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఒక రోజంతా మూతపడింది. జేబుదొంగల బెడద భరించలేక అక్కడి సిబ్బందే పని ఆపేశారు. రోమ్‌లో తెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సుకి ఉన్న చెడ్డపేరు టూరిస్టులందరికీ తెలుసు. అయినా ఆ ఊళ్లకు ఏటా కోట్ల మంది వెళ్తున్నారు, చూస్తున్నారు, సంతోషంగా తిరిగొస్తున్నారు.

నా అనుభవంలో టూరిస్టుకి ఎదురయ్యే దొంగ చాలావరకు నవ్వుతూ పలకరించేవాడే. ఒక సంగతి చెబుతాను. పారిస్‌లో మోన్‌మార్త్ర్ కొండమీద సాక్రే కర్ చర్చి ఉంది. మా గ్రూపులో ఓ రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు. నేను కొండెక్కే ఫ్యునిక్యులర్‌కి టికెట్లు తీసుకుంటూ వెనక ఉండిపోయాను. మెట్ల దగ్గర ఓ కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాపాడు, ఆవిడా చాపారు. అంతే, చూపుడువేలికి రంగుదారాల ముడి పడిపోయింది. దారాల కొసలు తన చేతిలో పట్టుకుని అతను చకచకా అల్లేస్తున్నాడు. వేలు లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. పక్కన ఇంకొకతను భలే బాగుందన్నట్టు తలూపుతూ నిలబడ్డాడు. అతని ముంజేతి మీద మడిచిన కోటు వేలాడుతోంది. నేను దగ్గరికి వచ్చేసరికి ఆ కోటు కింద ఆవిడ బ్యాగు జిప్పు సగం తెరుచుకుని ఉంది.

"ఏయ్, వదులు!" అని తెలుగులోనే కేక పెట్టాను. మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఇద్దరూ తప్పుకున్నారు. ఏమీ పోలేదు. కానీ ఆ రాత్రి ఆవిడ హోటల్లో నా చెయ్యి పట్టుకుని, "లాగేసుకుంటే పిల్లవాడు బాధపడతాడేమో అనుకున్నానమ్మా" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను. ఆ తర్వాత ప్రతి గ్రూపుకీ బయలుదేరే ముందు చెప్పడం మొదలుపెట్టాను: పాస్‌పోర్టు తీసుకోండి, మందులు తీసుకోండి, మొహమాటం మాత్రం ఇంట్లో పెట్టి రండి.

ఊరు మారినా ఉపాయం ఒక్కటే. పారిస్‌లో సేన్ నది ఒడ్డున మీ కాళ్ల ముందు నుంచి 'బంగారు' ఉంగరం తీసి, ఇది మీదేనా అని అడుగుతారు. అట్ట పట్టుకొచ్చి ఏదో మంచి పనికి సంతకం పెట్టమంటారు. మీరు తల వంచి చదువుతుంటే ఆ అట్ట కిందినుంచి చెయ్యి మీ బ్యాగులోకి వెళ్తుంది. ఇస్తాంబుల్‌లో బూట్లు పాలిష్ చేసేవాడు నడుస్తూ నడుస్తూ బ్రష్ జారవిడుస్తాడు. మీరు పాపమని తీసిస్తారు. కృతజ్ఞతగా పాలిష్ చేస్తానంటాడు, చేశాక డబ్బు పిండుతాడు. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ దగ్గర పెద్దమనిషిలా ఉన్న ఒకాయన "ఇవాళ మూసేశారండీ" అంటాడు. తక్కువ కిరాయికి టుక్‌టుక్ ఎక్కిస్తాడు, అది నగల రాళ్ల దుకాణం ముందు ఆగుతుంది. బీజింగ్‌లో చక్కగా మాట్లాడే కుర్రాళ్లు ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేసుకుంటామని టీ తాగడానికి పిలుస్తారు. బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

వీటన్నిటిలో మాట ముందు కలిపింది ఎవరో చూడండి. ప్రతిసారీ అవతలివాళ్లే. నేను పెట్టుకున్న కొలత ఇదే. నాకు దారి కావాలంటే నేను ఎంచుకున్న మనిషిని అడుగుతాను, అంటే దుకాణంలో ఉన్నావిణ్నో, పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లినో, యూనిఫాంలో ఉన్న రైల్వే ఉద్యోగినో. ఇన్నేళ్లలో అలా అడిగినవాళ్లెవరూ నన్ను మోసం చెయ్యలేదు. తమంతట తాముగా నన్ను ఎంచుకుని వచ్చినవాళ్ల దగ్గరే జాగ్రత్త పడతాను. వాళ్లలోనూ మంచివాళ్లు ఉంటారు. వాళ్లతో ఒక నిమిషం ముభావంగా ఉన్నంత మాత్రాన వాళ్లకు పోయేదేమీ లేదు.

'వద్దు' అనడాన్ని ఇద్దరూ ఇంట్లోనే ప్రాక్టీస్ చెయ్యండి. మనవాళ్లకి నవ్వుతూ వద్దనే అలవాటు ఉంది. ఆ నవ్వు చూసి అవతలివాడు ఇంకో అడుగు ముందుకేస్తాడు. నవ్వొద్దు, ఆగొద్దు, ఏ దేశం నుంచి వచ్చారో చెప్పొద్దు. రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకుని ఒక్కసారి గట్టిగా "నో" అని నడుస్తూనే ఉండండి. వేలు పట్టుకుంటే మాత్రం అరవండి.

మెట్రోలో తలుపుల దగ్గర నిలబడకండి. తలుపు మూసుకునే క్షణంలో ఫోనో పర్సో లాక్కుని దిగిపోవడం తేలిక. బాగా రద్దీగా వచ్చిన రైలు వదిలేసి తర్వాతది ఎక్కండి, రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. ఎవరో మీద పడ్డారు, ఎవరో బట్టల మీద ఏదో ఒలికించి తుడుస్తామన్నారు అంటే ముందు చెయ్యి బ్యాగు మీదికి పోవాలి, మరక సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి. మామూలు బట్టల్లో వచ్చి, "పోలీసులం, దొంగనోట్లు తనిఖీ చేస్తున్నాం, పర్సు చూపించండి" అనేవాళ్లు చాలా నగరాల్లో ఉన్నారు. పర్సు ఇవ్వకండి. "పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం, అక్కడ చూపిస్తాం" అనండి. మోసగాడైతే స్టేషన్ మాట వినగానే జారుకుంటాడు.

ప్రశ్న: డబ్బు, కార్డులు ఎలా పెట్టుకోవాలి? మనీ బెల్టు కొనుక్కోవాలా?

జవాబు: కొనుక్కోండి, మంచిదే. కాకపోతే దాన్ని వీధిలో తియ్యకూడదు. తీశారంటే డబ్బు ఎక్కడుందో నలుగురికీ చూపించినట్టే. ఆ రోజు ఖర్చుకి సరిపడా డబ్బు మాత్రం పొద్దున గదిలోనే పర్సులోకి మార్చుకోండి. కార్డులు రెండుంటే ఒకటి మీ దగ్గర, రెండోది గదిలోని సేఫ్‌లో ఉండాలి. రెండూ ఒకే పర్సులో పెట్టుకుంటే రెండు కార్డులున్నా ఒకటున్నట్టే లెక్క. ఏటీఎం వాడాల్సి వస్తే బ్యాంకు లోపల ఉన్నదాన్ని బ్యాంకు పని వేళల్లోనే వాడండి. పిన్ నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టండి. సాయం చేస్తానని ఎవరైనా దగ్గరికొస్తే క్యాన్సిల్ నొక్కి కార్డు తీసేసుకుని బయటికి వచ్చెయ్యండి.

ప్రశ్న: మా తమ్ముడు లండన్‌లో ఫుట్‌పాత్ అంచున నిలబడి ఫోన్లో మ్యాప్ చూస్తుంటే, ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చినవాడు చేతిలోంచి లాక్కుపోయాడు. మూడు రోజుల తర్వాత మా మరదలి నంబరుకి "మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో లాగిన్ అయితే ఎక్కడుందో కనిపిస్తుంది" అని మెసేజ్ వచ్చింది. నొక్కాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ. మీరేమంటారు?

జవాబు: నొక్కొద్దు. ఈ పేజీ చదివేసరికి నొక్కేసి ఉంటే వెంటనే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చండి. ఆ మెసేజ్ పంపేది సాధారణంగా దొంగలో, వాళ్ల దగ్గర ఫోన్ కొన్నవాళ్లో. ఫోన్ మీ తమ్ముడి అకౌంట్‌కి ముడిపడి ఉన్నంతకాలం దాన్ని ఇంకొకరు కొత్త ఫోన్‌లా వాడుకోలేరు. ఆ ముడి విప్పడానికే పాస్‌వర్డ్ కోసం ఈ వల. ఇదే కారణంగా, పోయిన ఫోన్‌ని అకౌంట్‌లో 'లాస్ట్' (పోయింది) అని గుర్తు పెట్టి లాక్ చెయ్యాలి గానీ, పోయింది కదా అని అకౌంట్‌లోంచి తీసెయ్యకూడదు. తీసేస్తే ఆ ఫోన్ వాళ్ల సొంతమైపోతుంది.

వెళ్లబోయేవాళ్లు ముందే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. *#06# నొక్కితే మీ ఫోన్ గుర్తింపు సంఖ్య, అంటే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫోన్ పోయాక పోలీసులూ ఇన్సూరెన్సువాళ్లూ అడిగేది అదే. సిమ్‌కి పిన్ పెట్టండి. లేకపోతే దొంగ మీ సిమ్ తీసి తన ఫోన్లో వేసుకుంటాడు, మీ బ్యాంకు ఓటీపీలు అతనికి వెళ్తాయి. ఐఫోన్లలో 2024 జనవరి నుంచి 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, ఫోన్ ఇంటికో ఆఫీసుకో దూరంగా ఉన్నప్పుడు లాక్ నంబరు తెలిసినవాడు కూడా మీ ముఖమో వేలిముద్రో లేకుండా ముఖ్యమైన మార్పులు చెయ్యలేడు.

మ్యాప్ చూడాలంటే రోడ్డు అంచు నుంచి లోపలికి రండి, గోడకి వీపు ఆనించి నిలబడి రెండు చేతులతో పట్టుకుని చూడండి. చూడటం అయ్యాక ఫోన్ లోపల పెట్టుకుని అప్పుడు నడవండి. మా గ్రూపులో ఈ ఒక్క అలవాటు చేయించడానికే రెండు రోజులు పట్టేది, కానీ దానివల్ల ఎన్ని ఫోన్లు మిగిలాయో!

ప్రశ్న: అమ్మకి 70 ఏళ్లు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు, ఫోన్ వాడటం అంతంతమాత్రం. మాతో కలిసి నాలుగైదు నగరాలు చూడటానికి వస్తోంది. మెట్రోలో తప్పిపోతే ఎలా అని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మని తీసుకెళ్తున్నందుకు ముందు మీకు నమస్కారం. భాష రాకపోవడం అంత పెద్ద ఇబ్బంది కాదు. తప్పిపోయినప్పుడు ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకోకపోతేనే కష్టం.

మెట్రోలో మేం పాటించిన పద్ధతి ఇది. ఒకరు రైల్లో ఉండిపోయి మిగతావాళ్లు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే, రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగినచోటే నిలబడాలి. ప్లాట్‌ఫాం మీదున్నవాళ్లు వెనకొచ్చే రైలెక్కి అక్కడికి వెళ్లాలి. పొరపాటున అమ్మ ఒక్కరే ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే ఆవిడ ఎక్కడికీ కదలకూడదు, మీరే వెనక్కి వస్తారు. అంటే అమ్మ గుర్తుపెట్టుకోవలసింది రెండే ముక్కలు: రైల్లో ఉంటే దిగి ఆగు, దిగి ఉంటే అక్కడే ఆగు. ఇంట్లో కుర్చీలు వరసగా వేసి రైలనుకుని ఆడించండి, పిల్లలుంటే వాళ్లతో కలిపి. ఒకసారి శరీరంతో చేసింది కంగారులో కూడా గుర్తొస్తుంది.

మా గ్రూపులో ఒక అవ్వ ఇలాగే తప్పిపోయింది. మేం రెండు స్టేషన్లు వెనక్కీ ముందుకీ తిరిగి నలభై నిమిషాలకు చేరేసరికి, ఆవిడ ప్లాట్‌ఫాం మీద ఒక స్తంభానికి ఆనుకుని, హోటల్ కార్డు రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని నిలబడి ఉంది. స్టేషన్ ఉద్యోగి ఒకామె కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదట. "కూర్చుంటే మీకు కనపడనేమోనని" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

అందుకే హోటల్ కార్డు ప్రతిరోజూ అమ్మ దగ్గర ఉండాలి. అది స్థానిక లిపిలో రాసింది కావాలి. టోక్యోలోనో బ్యాంకాక్‌లోనో టాక్సీ డ్రైవరుకి ఇంగ్లిష్ అక్షరాలు చదవడం రాకపోవచ్చు. కార్డు వెనక మీ ఫోన్ నంబరు దేశం కోడ్‌తో సహా రాయండి. రోజూ పొద్దున హోటల్ గుమ్మంలో అమ్మకి ఒక ఫొటో తియ్యండి. తప్పిపోతే "ఏ రంగు బట్టలు" అని అడిగినప్పుడు కంగారులో మనకి ఏదీ గుర్తురాదు. పిల్లలకీ ఇదే చెయ్యండి.

అన్నట్టు, అమ్మ విషయంలో దొంగలకంటే నాకు ఎక్కువ భయం రోడ్డు దాటడం. మనకి వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి రోడ్డులోకి దిగేటప్పుడు కుడివైపు చూసే అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. పారిస్, రోమ్, న్యూయార్క్‌లలో వాహనాలు కుడివైపున నడుస్తాయి. మనం దిగే వైపుకి ముందుగా బండి వచ్చేది ఎడమనుంచి. చూశామనే అనుకుంటాం, కానీ చూసింది ఖాళీ వైపు. లండన్‌లో వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, కుడివైపుకి అలవాటుపడినవాళ్లకి అక్కడ ఇదే సమస్య తలకిందులుగా వస్తుంది కాబట్టే బయటి దేశాలవాళ్ల కోసం రోడ్డు మీద 'లుక్ రైట్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే ఎర్రటి సైకిల్ దారులు ఉంటాయి, ఫుట్‌పాత్ అనుకుని వాటిమీద నడవకండి. రోడ్డు దాటేటప్పుడు అమ్మ చెయ్యి వదలొద్దు.

ప్రశ్న: డిసెంబర్ 31 రాత్రి పెద్ద నగరంలో బాణాసంచా చూడాలని స్నేహితులం ఆరుగురం ప్లాన్ చేసుకున్నాం. లక్షల మంది వస్తారట. అంత జనంలో సేఫేనా?

జవాబు: వెళ్లండి, కానీ ఇది మాత్రం మనసుపెట్టి చదవండి. 2014 డిసెంబర్ 31 రాత్రి షాంఘైలో నది ఒడ్డునున్న బండ్ అనే విహారస్థలం దగ్గర, నదిని చూసే వేదిక మీదికి ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మెట్ల మీద ఎదురెదురుగా చిక్కుకుని 36 మంది చనిపోయారు. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్‌లో, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న వాలు సందులో జరిగిన తొక్కిడిలో 159 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువ మంది మీలాంటి కుర్రవాళ్లే. తొక్కిసలాట అని రాస్తారు గానీ, ఇలాంటి చోట్ల చాలామంది నిలబడి ఉండగానే ఊపిరాడక పోతారు. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడికి ఛాతీ విచ్చుకోవడానికి చోటుండదు.

కాబట్టి వెళ్లగానే ముందు చూడవలసింది బయటికి వచ్చే దారులు, కనీసం రెండు. వచ్చిన దారినే అందరూ తిరిగి వెళ్లబోతారు, మీరు రెండోది ఎంచుకోండి. మెట్లు, సొరంగ మార్గాలు, వాలు సందులు, వంతెన మొదళ్లు వద్దు. విశాలమైన చోట, జనం అంచున నిలబడండి. కొంచెం దూరమైనా ఆకాశం అందరికీ కనిపిస్తుంది.

మీ చుట్టూ ఉన్నవాళ్ల భుజాలు రెండు వైపులా తగులుతూ, చేతులు ఎత్తి ముఖం తాకలేనంత ఇరుకైతే అప్పుడే బయటికి రండి, పన్నెండింటి కౌంట్‌డౌన్ మొదలయ్యేదాకా ఆగుదామనుకోవద్దు. జనం అల కదిలినట్టు మిమ్మల్ని ఊపుతోందంటే ప్రమాదం దగ్గరికొచ్చినట్టే. అప్పుడు పిడికిళ్లు ఛాతీ ముందు పెట్టుకుని మోచేతులతో ఊపిరికి చోటు కాపాడుకోండి. ఎదురు తొయ్యకండి. అల వచ్చినప్పుడు దానితో వెళ్లి, అది ఆగిన క్షణంలో ఐమూలగా అంచువైపు ఒక్కో అడుగు వెయ్యండి. గోడకీ బారికేడ్‌కీ ఆనుకోకండి. ఫోన్ పడినా చెప్పు ఊడినా వంగకండి. కిందపడి లేవలేకపోతే పక్కకి తిరిగి ముడుచుకుని తల చేతులతో కప్పుకోండి, వెల్లకిలా ఉండొద్దు.

ఇంకో మాట, అంత రద్దీలో ఫోన్ సిగ్నల్ ఉండదు. విడిపోతే ఎన్నింటికి ఎక్కడ కలవాలో సాయంత్రమే నోటితో చెప్పుకోండి.

ప్రశ్న: ఆఫీసు పనిమీద ఒక్కదాన్నే వెళ్లి, రెండు రోజులు ఊరు చూసి వద్దామనుకుంటున్నాను. హోటల్, టాక్సీ విషయంలో ఏం గమనించాలి?

జవాబు: రిసెప్షన్‌లో మీ గది నంబరు పైకి చదివితే, నలుగురూ విన్నారు కాబట్టి వేరే గది ఇమ్మని అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. నేను చాలాసార్లు అడిగాను, ఎవరూ తప్పుగా తీసుకోలేదు. గదిలోకి వెళ్లాక మీ తలుపు నుంచి అత్యవసర మెట్లదాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. పొగ కమ్మినప్పుడు కళ్లతో పని ఉండదు, గోడ తడుముకుంటూ ఆ లెక్కతోనే వెళ్లాలి. అర్ధరాత్రి రిసెప్షన్ నుంచి అంటూ ఫోన్ చేసి, సిస్టమ్ పాడైంది, కార్డు నంబరు మళ్లీ చెప్పండి అంటే చెప్పకండి. పొద్దున నేనే కిందికి వస్తానని పెట్టేసెయ్యండి.

టాక్సీ యాప్‌లో బుక్ చేస్తే ముందు నంబర్ ప్లేట్ చూడండి. తర్వాత "ఎవరి కోసం వచ్చారు?" అని అడగండి. మీ పేరు అతని నోటినుంచి రావాలి. మీరే ముందు పేరు చెబితే ఎవరైనా అవునంటారు. వెనక సీట్లో కూర్చుని ప్రయాణం వివరాలు ఇంట్లోవాళ్లకి షేర్ చెయ్యండి.

తాగే గ్లాసు వదిలి వెళ్లాల్సి వస్తే, తిరిగొచ్చాక దాన్ని ముట్టుకోకుండా ఇంకొకటి తీసుకోండి.

అత్యవసర నంబర్లు ఒక చీటీ మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112, బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్స్‌కి 119, థాయిలాండ్‌లో టూరిస్ట్ పోలీసులకు 1155. పాస్‌పోర్టు పోతే ముందు స్థానిక పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి, ఆ కాగితం తీసుకుని మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ జిరాక్స్, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు పెట్టెలో విడిగా పెట్టుకుంటే అక్కడ మీ పని త్వరగా అవుతుంది.